ఎక్కడ పెడతావక్కా?

సూది వేల్లోంచి అవతలికి దిగిపోయినా పెద్దకోడలు కేక పెట్టలేదు. "అమ్మా" అని మాత్రం అంది, అది కూడా పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు. కుట్టుమిషను చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయిందేమిటా అని వంటింట్లోంచి చిన్నకోడలు తొంగిచూసింది. చూస్తే ఏముంది, నీలం యూనిఫారం గుడ్డ మీద ఎర్రటి మరక ఒకటి నెమ్మదిగా పెద్దదవుతోంది. ఎడమచేతి చూపుడువేలు సూది కింద ఇరుక్కుని ఉంది.

"చక్రం వెనక్కి తిప్పు," అంది పెద్దకోడలు పళ్ళు బిగబట్టి. "మెల్లిగా. ముందుకి తిప్పావో, చంపేస్తాను."

చిన్నకోడలు చక్రం పట్టుకుని వెనక్కే తిప్పింది. సూది పైకి లేచింది. వీధి చివర డాక్టరు వేలికి కట్టు కట్టి, ఎముక బతికిపోయిందనీ, నాలుగు రోజులు మిషను జోలికి వెళ్ళొద్దనీ చెప్పి పంపాడు.

వాళ్ళు ఇల్లు చేరేసరికి బావగారు బస్సు డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. భార్య చేతిని చూశాడు. మిషను ఉన్న మూలని చూశాడు. ఆ తర్వాత కిటికీ వైపు చూశాడు.

కిటికీ అనడమే గాని అక్కడ కిటికీ కనపడదు. నూనె డబ్బాలు నాలుగు వరసలు, వాటి మీద సబ్బుపొడి సంచులు, ఆ పైన నూడుల్స్ అట్టపెట్టెలు, అన్నిటికీ పైన టిష్యూ కాగితాల కట్టలు. ఇరవై ఏళ్ళు ఆ కిటికీ వెలుతుర్లో ఊళ్ళో సగం మంది పిల్లలకి యూనిఫారాలు కుట్టిన మనిషి, రెండు నెలల కిందట మిషనుని మూలకి జరుపుకుని, పట్టపగలు బల్బు వేసుకుని కుడుతోంది. మంచం కింద షాంపూలు. అలమారా మీద బిస్కెట్లు. మొన్నటికి మొన్న అలమారా తలుపు తీయబోయిన బావగారి నెత్తిమీద టమాటా సాసు సీసాల పెట్టె పడింది. ఇంట్లో వంట ఎవరి ఆకలిని బట్టీ జరగడం లేదు, పెట్టెల మీద వేసిన తేదీని బట్టి జరుగుతోంది. తేదీ దగ్గరపడితే వారం పాటు మూడు పూటలా నూడుల్సే. "మనం తింటున్నామా, గడువు తీరుస్తున్నామా?" అని ఆయన నవ్వులాటకి అనేవాడు మొదట్లో.

ఇప్పుడు నవ్వలేదు. "ఇంకొక్క అట్టపెట్టె ఈ గడప దాటి లోపలికొచ్చిందంటే," అన్నాడు గొంతు పెంచకుండానే, "దాన్ని నా మంచం మీద పెట్టుకో. నేను డిపోలో పడుకుంటాను. ఆటకి చెప్పడం లేదు."

పెద్దకోడలు చిన్నకోడలి వైపు ఒక్క చూపు చూసింది. చిన్నకోడలు తల దించుకుంది.

ఎందుకంటే ఇదంతా మొదలైంది తన వల్లనే. ఏడు నెలల కిందట చిన్నకోడలు కూడలి దగ్గర పెద్ద సరుకుల కొట్టులో చేరింది. భర్త వేరే ఊళ్ళో సెల్ టవర్ల పని మీద తిరుగుతూ నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక చేరింది. రుచి చూపించే కౌంటరు ఆమెది. చిన్న కప్పుల్లో సూపు, పుల్లకి గుచ్చిన కేకు ముక్క అందించి, నవ్వి, ఆ సరుకు పెట్టె కొనేవాళ్ళు తోసుకెళ్ళే బండిలో వేయించడం పని. మొదటి నెలాఖరున ఆమె అమ్మాల్సిన లెక్కకి పన్నెండు జాము సీసాలు తక్కువ పడ్డాయి. మర్నాడు తీసేస్తారని ఇంటికొచ్చి ఏడ్చింది. పెద్దకోడలు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళి పన్నెండు సీసాలూ కొనుక్కొచ్చింది. "మనింట్లో జాము తినేవాళ్ళెవరక్కా?" అని చిన్నకోడలు అడిగితే, "నీ ఉద్యోగం నిలబడింది కదా, రొట్టె లేకపోయినా నాకేస్తాం," అంది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

రెండో నెల కూడా అంతే. మూడో నెలలో కొట్టువాళ్ళు పెద్దకోడలికి, ఎక్కువగా కొనేవాళ్ళకిచ్చే బంగారు రంగు కార్డు ఇచ్చారు. అప్పట్నుంచి ఆమె ఫోను కొట్టువాళ్ళ మెసేజీలతో రోజుకి ఆరుసార్లు గణగణమనడం మొదలుపెట్టింది. ఈ రోజే ఆఖరు. మీకు మాత్రమే. ఇంకా రెండు గంటలే. మిషను మీద కూర్చున్న మనిషి ఆ చప్పుడుకి పాదం తీసేసేది. ఒకసారి చిన్నకోడలు సెలవు పెట్టి రెండు రోజులు పుట్టింటికి వెళ్ళి వచ్చేసరికి, కిటికీ దగ్గర కొత్తగా ఎనిమిది డబ్బాలు ఉన్నాయి. "నీ కోసమేనే," అంది పెద్దకోడలు. ఆ రెండు రోజులూ తను కౌంటర్లో లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎత్తలేదు.

సూది దిగిన మర్నాడు కొట్టులో సిబ్బంది అందరినీ గోదాములో నిలబెట్టారు. ఫ్లోర్ మేనేజరు వచ్చాడు. ఆయన అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. వెనకాల అందరూ ఆయన్ని 'ఇంకొక్కటి' అంటారు. కొన్నవాడిని వదలకుండా "ఇంకొక్కటి తీసుకోమని అడగండి" అన్నది ఆయన నోటికి ఊతపదం. పాల ప్యాకెట్లని కొట్టు చివరకంటా తోయించి, పాలకి వచ్చినవాడు అన్ని వరసలూ దాటుకుంటూ వెళ్ళేలా చేసింది ఆయనే. పాత బండ్లు తీసేసి గంపెడంత బండ్లు తెప్పించిందీ ఆయనే. 'ఒక్కరికి ఆరు మాత్రమే' అని బోర్డు పెడితే, ఒకటి కొందామని వచ్చినవాడు కూడా ఆరు ఎత్తుకెళతాడని చిన్నకోడలికి నేర్పింది కూడా ఆయనే. నేర్పినప్పుడు ఆమెకి తమాషాగా అనిపించింది. అదే బోర్డు కింద అక్క నిలబడి ఆరు ఎత్తడం చూసిన రోజున ఆ తమాషా పోయింది.

"రేపు శుక్రవారం మేళా," అన్నాడు ఇంకొక్కటి. "కార్డు ఉన్నవాళ్ళకి గంట ముందే తలుపులు తీస్తాం. ఒక్కొక్కరూ పదిమందికి ఫోన్లు చెయ్యాలి. నా ఎదురుగా."

చిన్నకోడలి వంతు వచ్చింది. జాబితాలో మొదటి నంబరు అక్కది.

"మీ అక్కగారే కదా?" ఆయన నవ్వాడు. "నీ అదృష్టం. మిగతా తొమ్మిదిమంది ఎత్తకపోయినా ఆవిడ ఒక్కరు చాలు." ఆయనే నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను బల్ల మధ్యకి జరిపాడు.

"ఆవిడకి చేతికి దెబ్బ తగిలింది సార్. ఇప్పుడు వద్దు—"

ఆయన వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. అవతల ఫోను ఎత్తారు.

"నమస్కారం మేడం," అని కాగితం చూసి చదివింది చిన్నకోడలు. "మా బంగారు కార్డు సభ్యులకి—"

"ఏమే, నువ్వేనా? ఏంటా మాటలు, ఎవరో పరాయివాళ్ళతో మాట్లాడినట్టు?"

ఇంకొక్కటి కాగితం మీద తర్వాతి వాక్యం చూపించాడు. రావద్దక్కా అని రెండు ముక్కలు చెబితే చాలు. ఆయన పెన్ను బల్ల మీద టకటకలాడిస్తున్నాడు. చెప్పలేకపోయింది. "రేపు పొద్దున్న ఎనిమిదింటికి మీ కోసం ప్రత్యేకంగా తలుపులు తీస్తాం మేడం."

అవతల పెద్దకోడలు గొంతు తగ్గించి అడిగింది. "నీకెంత తక్కువ పడిందే?"

చిన్నకోడలు కాగితం మీంచి చూపు తిప్పలేదు. "మీ ఇష్టం మేడం," అంది.

"వస్తాలే. ఆయనకి చెప్పకు."

ఫోను పెట్టేశాక ఇంకొక్కటి ఆమె పేరు పక్కన టిక్కు కొట్టాడు. ఆ సాయంత్రం ఇంట్లో అక్క ఒంటరిగా దొరుకుతుందేమో, చెబుదామని చూసింది. బావగారు డ్యూటీకి సెలవు పెట్టి భార్య పక్కనే కూర్చుని, ఆమెకి కంచంలో అన్నం కలిపి పెడుతున్నాడు. మర్నాడు తెల్లారకముందే చిన్నకోడలు షిఫ్టుకి వెళ్ళాలి. చెప్పడం కుదరలేదు.

శుక్రవారం ఎనిమిదింటికి తలుపులు తీశారు. జనం తోసుకుంటూ లోపలికొచ్చారు. వాళ్ళ మధ్యలో కట్టు కట్టిన వేలిని పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో బండి తోస్తూ పెద్దకోడలు. బండి వంకరగా పోతుంటే పొట్టతో నెట్టి సరిచేసుకుంటోంది. దూరంగా సూపు కౌంటర్లోంచి చిన్నకోడలు ఆమెనే చూస్తూ ఉంది. మొదట సబ్బుపొడి వరస. తర్వాత నూనెలు. తగ్గింపు ధర రాసిన ఒక్కొక్క ఎర్ర చీటీ దగ్గరా ఆగడం, చదవడం, చెయ్యి చాపడం. ఆ ముఖంలో సంతోషం ఏమీ లేదు. బస్సు వెళ్ళిపోతోందని పరుగెత్తేవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

బండి నిండింది. సూపు కౌంటరు ముందుకొచ్చేసరికి ఇంకొక్కటి ఎక్కడినుంచో ప్రత్యక్షమయ్యాడు. "రండి మేడం, మీలాంటివాళ్ళు ఉండబట్టే మా కొట్టు నడుస్తోంది." చిన్నకోడలి వైపు తిరిగి కళ్ళతో సైగ చేశాడు. సూపు ప్యాకెట్లు, ఇరవై నాలుగింటి పెట్టె. చెప్పాల్సిన వాక్యం ఆమెకి నిద్రలో కూడా వచ్చు: మీ ఇంటికి ఒక పెట్టె సరిపోతుందా మేడం?

పెద్దకోడలు నవ్వబోయింది. "ఎన్ని పెట్టెలు వేస్తావే?"

కట్టు మీద సన్నగా నెత్తురు చెమ్మ కనపడుతోంది. పెట్టెలు ఎత్తి ఎత్తి వేలు మళ్ళీ కారుతోంది.

చిన్నకోడలు చేతిలోని గరిట పక్కన పెట్టింది. కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి బండి పట్టుకుంది. "ఎక్కడ పెడతావక్కా?" అంది.

"ఏంటి?"

"ఈ నూనె. ఎక్కడ పెడతావు?"

"ఇదేం ప్రశ్నే? ఇంట్లో."

"ఇంట్లో ఎక్కడ?"

పెద్దకోడలు మేనేజరు వైపు చూసి, ఇబ్బందిగా నవ్వి, "మంచం కింద పెడతాలే," అంది.

"మంచం కింద ఖాళీ లేదు." చిన్నకోడలు నూనె డబ్బా తీసి కింద నేల మీద పెట్టింది. సబ్బుపొడి సంచి ఎత్తింది. "ఇది?"

"అలమారా మీద. ఇలా ఇయ్యి. అందరూ చూస్తున్నారు."

"మొన్న బావగారి నెత్తిన పడింది అక్కణ్ణుంచే."

"ఏమ్మా, ఏం చేస్తున్నావు నువ్వు?" అన్నాడు ఇంకొక్కటి. గొంతు ఇంకా తీయగానే ఉంది. "వెళ్ళి కౌంటర్లో నిలబడు."

చిన్నకోడలు కదల్లేదు. వెనక బండ్లు ఆగిపోయాయి. ఎవరో "జరగండమ్మా" అని విసుక్కున్నారు. ఆమె బిస్కెట్ల కట్ట తీసింది.

పెద్దకోడలు చటుక్కున ఆ కట్ట లాక్కుంది. ముఖం ఎర్రబడింది. "నేనెవరి కోసం వచ్చానే ఇక్కడికి? వేలు సలుపుతుంటే, ఆయనకి అబద్ధం చెప్పి, ఎవరి కోసం వచ్చాను? ఫోను చేసి పిలిచింది నువ్వు కాదూ?"

"నేనే. పిలిచింది నేనే. తప్పు నాది. కానీ నా కోసం కొనకక్కా."

"మరెవరి కోసం కొంటున్నాను?"

"నాకు తెలీదు. నేను ఊళ్ళో లేని రోజున కూడా కొన్నావు."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది పెద్దకోడలికి. ఇరవై ఏళ్ళలో ఆమెనెవరూ నలుగురిలో అంత మాట అనలేదు. చిన్నకోడలు కూడా తన నోట్లోంచి వచ్చిన మాటకి తనే భయపడింది. అయినా ఎత్తిన చెయ్యి దించితే ఇంక ఎప్పటికీ ఎత్తలేనని తెలిసి, టిష్యూ కట్ట పట్టుకుని మళ్ళీ అడిగింది. "ఇది ఎక్కడ పెడతావక్కా?"

"కిటికీ దగ్గర," అని కోపంగా అరిచింది పెద్దకోడలు. "కిటికీ దగ్గర పెడతాను, నా మిషను…"

అక్కడ ఆగిపోయింది. తన వేలి వైపు చూసుకుంది. కట్టు చివర ఇప్పుడు రూపాయి బిళ్ళంత ఎరుపు. చేతిలోని బిస్కెట్ల కట్టని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, చివరికి సూపు కౌంటరు మీద పెట్టింది. బండి అలాగే వదిలేసింది. జనాన్ని తప్పించుకుంటూ, తలుపు వైపు నడిచింది.

"మేడం, మేడం!" అని ఇంకొక్కటి నాలుగడుగులు వెంటపడ్డాడు. తిరిగి వచ్చాక ఆయన గొంతులో తీపి లేదు. "రేపట్నుంచి నువ్వు కౌంటర్లో వద్దు. గోదాములోకి పో. అక్కడ నీతో మాట్లాడేవాళ్ళెవరూ ఉండరు."

తీసేస్తాడనుకున్న చిన్నకోడలికి అది శిక్షో వరమో అర్థం కాలేదు. గోదాములో పెట్టెలు మోసి, పాత చీటీలు గీకి కొత్త చీటీలు అంటించే పని. భుజాలు పట్టేసేవి.

అంతకంటే బరువైంది ఇంట్లో మౌనం. పెద్దకోడలు ఆమెతో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, ముఖం చూసేది కాదు. ఆ రోజు ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన భార్యని చూసి బావగారు, "ఎక్కడికెళ్ళావు?" అని అడిగితే, "కొట్టుకి. ఏమీ నచ్చలేదు," అందట. ఆయన అంతకు మించి తవ్వలేదు. వారం తర్వాత ఆదివారం నాడు చిన్నకోడలు షిఫ్టు నుంచి వచ్చేసరికి ఇద్దరూ చెమటలు కక్కుకుంటూ పెట్టెలు ఆటోలోకి ఎక్కిస్తున్నారు, పెద్దకోడలు యూనిఫారాలు కుట్టే బడి హాస్టలుకి ఇవ్వడానికి. చిన్నకోడలు తనూ ఒక చెయ్యి వేసింది. పెద్దకోడలు వద్దనలేదు, పలకరించనూ లేదు. ఫోను గణగణమన్నప్పుడల్లా ఆమె పెట్టె పట్టుకున్న చోటే ఆగి, చప్పుడు ఆగేదాకా నిలబడి, మళ్ళీ కదిలేది.

పదో రోజున పెద్దకోడలు తనంతట తనే వంటింట్లోకి వచ్చింది. "ఉప్పు అయిపోయింది," అంది గోడ వైపు చూస్తూ. "పంచదార, టీ పొడి, ఒంటి సబ్బు కూడా. నాలుగు. నువ్వు నాతో రావాలి."

ఆ మాట వినడానికే కాచుకుని ఉన్నట్టు చిన్నకోడలు గబగబా చేతులు తుడుచుకుంది. "మూల మీద చిన్న దుకాణంలో కొనేద్దామక్కా."

"వద్దు. నీ కొట్టుకే. తప్పించుకు తిరిగితే ఎన్నాళ్ళు తిరుగుతాను? పోస్టాఫీసుకి వెళ్ళాలన్నా దాని ముందునుంచే వెళ్ళాలి."

చిన్నకోడలి షిఫ్టుకి ఇంకా గంట ఉంది. ఇద్దరూ లోపలికి అడుగుపెట్టారో లేదో ఇంకొక్కటి ఎదురొచ్చాడు. చిన్నకోడలి వైపు చూడనే లేదు. "మేడం, ఎన్నాళ్ళకి! చేతికి దెబ్బ కదా, బుట్టెందుకు, బండి తీసుకోండి."

"దెబ్బ కాబట్టే బుట్ట," అంది పెద్దకోడలు. "బరువెక్కితే ఆగిపోతాను." అని ముందుకి నడిచింది. గొంతు గట్టిగానే ఉంది గాని, పై పెదవి మీద చెమట పట్టింది.

ఉప్పు దొరికింది. పంచదార దొరికింది. టీ పొడి ఉండాల్సిన చోట లేదు, కిందటి వారమే వరసలు మార్చారు. దాన్ని వెతుక్కుంటూ వెళితే దారికి అడ్డంగా బిస్కెట్ల గోపురం. నాలుగు కొంటే రెండు ఉచితం. ఈ రోజే ఆఖరు. పెద్దకోడలు దాని ముందు ఆగిపోయింది.

చిన్నకోడలు ఏమీ అనలేదు. అనాలంటే భయం వేసింది. మొన్న అన్నది చాలు. పక్కన నిలబడింది, అంతే. పెద్దకోడలు కట్టున్న చెయ్యి కొంచెం పైకి లేచింది. అది ఎటు వెళుతుందోనని చిన్నకోడలు చూస్తోంది. ఆ చెయ్యి పక్కకి వచ్చి చిన్నకోడలి మణికట్టుని పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"ఇంట్లో ఎన్నున్నాయే ఇవి?"

"ఒకటో రెండో ఉన్నాయక్కా. హాస్టలుకి ఇవ్వగా మిగిలినవి."

"ఈ రోజే ఆఖరట."

"రేపు పొద్దున్న కొత్త చీటీ నేనే అంటిస్తాను. దాని మీద కూడా ఈ రోజే ఆఖరు అని ఉంటుంది."

పెద్దకోడలు నవ్వలేదు. గోపురం పక్కనుంచి, దాన్ని తాకితే కాలుతుందేమో అన్నంత జాగ్రత్తగా, ఒళ్ళు ముడుచుకుని దాటింది. టీ పొడి అడుగు అరలో దొరికింది. సబ్బు, డబ్బు కట్టే కౌంటరు దగ్గరే దొరికింది.

డబ్బు తీసుకునే అమ్మాయి బుట్టలోకి తొంగిచూసింది. "ఇంకో రెండు వస్తువులు తీసుకుంటే మగ్గు ఉచితం మేడం."

"వద్దు."

"ఉచితమే మేడం. ఊరికే వస్తుంది."

"ఊరికే వచ్చినా వద్దమ్మా," అంది పెద్దకోడలు. ఆ 'వద్దు' రెండోసారి అనేటప్పుడు గొంతు పగిలింది. ఆ అమ్మాయి ఆశ్చర్యంగా చూసి బిల్లు చించి ఇచ్చింది.

బయటికొచ్చాక పెద్దకోడలు నాలుగు మెట్లు దిగి, అయిదో మెట్టు మీద కూలబడింది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. చేతులు వణుకుతున్నాయి. "చూడవే, చలిజ్వరం వచ్చినట్టు ఎలా వణుకుతున్నాయో. నాలుగు వస్తువులకి."

చిన్నకోడలు పక్కన కూర్చుంది. లోపలికీ బయటికీ పోయేవాళ్ళు వాళ్ళని తప్పించుకుని నడుస్తున్నారు.

"అందరూ మామూలుగా వెళ్ళి ఉప్పు కొనుక్కుని వస్తారు కదా," అంది పెద్దకోడలు. "నేను కూడా ఎప్పటికైనా అలా రాగలనంటావా?"

వస్తావక్కా, తప్పకుండా వస్తావు అనబోయింది చిన్నకోడలు. ఏడు నెలలుగా అలాంటి తీపి మాటలు చెప్పడమే ఆమె పని. "ఏమో అక్కా," అంది. "వచ్చే వారం మళ్ళీ వద్దాం."

పెద్దకోడలు తల ఊపింది. అప్పుడు చూసింది, తోడికోడలి మణికట్టు మీద తన గోళ్ళు దిగిన గుర్తులు. "ఇంత గట్టిగా పట్టుకున్నానా?"

"పట్టుకున్నావు."

"చెప్పొచ్చు కదే."

"పట్టుకోనీలే అని ఊరుకున్నాను."

పెద్దకోడలు ఆ గుర్తుల మీద బొటనవేలితో రెండుసార్లు రుద్దింది, అవి పోతాయన్నట్టు. తర్వాత లేచి చీర దులుపుకుంది. "పో, నీకు టైమవుతోంది. వాడు మళ్ళీ ఏదో అంటాడు."

చిన్నకోడలు గోదాము తలుపు దగ్గరికి వెళ్ళి, లోపలికి పోకుండా అక్కడే నిలబడింది. పెద్దకోడలు సంచి ఊపుకుంటూ రోడ్డు దాటింది. అవతలి పేవ్‌మెంట్ మీద ఆమె ఫోను మోగినట్టుంది, ఆగి బయటికి తీసింది. చాలాసేపు దాని వైపు చూస్తూ నిలబడింది. ఒక బస్సు అడ్డం వచ్చింది. బస్సు వెళ్ళిపోయాక చూస్తే, పెద్దకోడలు మలుపు దగ్గర ఉంది, ఇంటి వైపే నడుస్తోంది.